పీటర్ ఆర్నెట్ గొప్ప రిపోర్టరా, పీకేసిన రిపోర్టరా?

కృష్ణలంక కుర్రోడు:
జర్నలిజం చదువుతున్నా. మొన్న క్లాసులో 1991 గల్ఫ్ యుద్ధం క్లిప్ వేశారు, బాగ్దాద్ మీద బాంబులు పడుతుంటే అమెరికా న్యూస్ ఛానెల్ సీఎన్ఎన్ వాళ్లు హోటల్ గదిలోంచి మాట్లాడుతుంటారే, అది. అందులో పీటర్ ఆర్నెట్ అంటే మా సార్‌కి దేవుడు. ఇంటికొచ్చి బాబాయ్‌తో చెబితే "వాణ్ని రెండుసార్లు ఉద్యోగంలోంచి పీకేశారు, అబద్ధాల రిపోర్టర్" అని కొట్టిపారేశాడు. ఎవరిది కరెక్ట్? నాకూ ఫారిన్ రిపోర్టింగ్ చేయాలనుంది, అందుకే అడుగుతున్నా.

పాత రేడియో:
బాబూ, మాది రాజంపేట. 1990లో సద్దాం కువైట్‌ని ఆక్రమించినప్పుడు మా నాన్న అక్కడే డ్రైవరు. ఎలాగో అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానమెక్కి, ఒక్క చేతిసంచీతో ఇంటికొచ్చాడు. ఆ తర్వాత యుద్ధమంతా రేడియోకి చెవి ఆనించి విన్నాడు. సీఎన్ఎన్ చూసే భాగ్యం అప్పట్లో పెద్ద హోటళ్లలో దిగేవాళ్లకే.
ఆర్నెట్‌ది న్యూజీలాండ్‌లో రివర్టన్ అనే చిన్న ఊరు. 1960లో లావోస్‌లో సైనిక తిరుగుబాటు జరిగి బయటికి వార్త పంపే దారి లేకపోతే, టైపు చేసిన కాగితాలు పళ్లతో కరుచుకుని మెకాంగ్ నది ఈది థాయిలాండ్ ఒడ్డుకెళ్లి పంపాడు. తర్వాత వియత్నాంలో ఏపీకి (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ) 1962 నుంచి 1975లో సైగాన్ పడిపోయేదాకా రాశాడు. 1966లో పులిట్జర్ వచ్చింది, అమెరికాలో జర్నలిస్టులకిచ్చే పెద్ద అవార్డు. టీవీలోకి వచ్చింది 1981లో, అప్పటికే బాగా ముదిరిన రిపోర్టర్.

డెస్క్ శీను:
ఆ బాగ్దాద్ రాత్రి ధైర్యం సంగతి సరే, వైరు సంగతి ఎవరూ చెప్పరు. సీఎన్ఎన్ వాళ్లు ముందే ఇరాక్ అధికారుల చుట్టూ తిరిగి, ఊళ్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజితో పనిలేని ప్రత్యేక లైను సంపాదించారు. బాంబులకి మిగతా ఛానెళ్ల ఫోన్లు చచ్చిపోయాయి, వీళ్లది బతికింది. అల్ రషీద్ హోటల్లో బెర్నార్డ్ షా, జాన్ హోలిమన్, ఆర్నెట్. బొమ్మ లేదు, గొంతులే. తర్వాత ఆ ఇద్దరూ వెళ్లిపోయారు, ఈయన ఉండిపోయాడు, ఇరాకీ సెన్సార్ కళ్లముందే చెప్పాలి. బాంబు పడింది పాలపొడి ఫ్యాక్టరీ మీద అని చెబితే, కాదు జీవాయుధాల ఫ్యాక్టరీ అంది అమెరికా. అమెరికా సెనెటర్ ఆలన్ సింప్సన్ అయితే శత్రువు మనిషన్నట్టు మాట్లాడి, తర్వాత సారీ చెప్పుకున్నాడు.
ఇక పీకడం. 1970లో లావోస్‌లో అమెరికా సైన్యం సారిన్ విషవాయువు వాడిందని 1998లో సీఎన్ఎన్ ఓ స్టోరీ వేసి, రుజువులు నిలబడక వెనక్కి తీసుకుంది. ఇద్దరు ప్రొడ్యూసర్లను తీసేశారు, ఆర్నెట్‌ని మందలించారు, మరుసటి ఏడాది ఆయనే బయటికొచ్చాడు. పనంతా ప్రొడ్యూసర్లదే, నాది తక్కువ అని ఆయన వాదన. నాకు మండేది ఇక్కడే. నేను పనిచేసిన ఒక ఛానెల్లో డెస్కువాళ్లు రాసిచ్చింది మా సీనియర్ కెమెరా ముందు చూసుకోకుండా చదివేశాడు. ఊరి పేరే తప్పు. రోజంతా తిట్లు ఆయనకే, చూసేవాడికి డెస్కు కనబడదు కదా.

గోదారి గట్టు:
2003 వదిలేశారేంటి? అసలు పీకింది అప్పుడే. ఇరాక్‌తో అమెరికా మళ్లీ యుద్ధం చేస్తుండగా ఇరాక్ ప్రభుత్వ టీవీకే ఇంటర్వ్యూ ఇచ్చి, అమెరికా మొదటి ప్లాన్ ఫెయిలైందన్నాడు. అప్పుడాయన పనిచేస్తున్న అమెరికా ఛానెల్ ఎన్బీసీ మొదట వెనకేసుకొచ్చి, ఆ వెంటనే తీసేసింది. లండన్ పత్రిక డైలీ మిర్రర్ పిలిచి మరీ ఉద్యోగమిచ్చింది అనుకోండి. అయినా నా లెక్కలో అది తప్పే. ఆ మాట తన ఛానెల్లో చెప్పుంటే ఎవడూ ఏమీ అనడు, సద్దాం టీవీలో కూర్చుని చెప్పడమేంటి? ఆయనే క్షమాపణ చెప్పాడు.

డెస్క్ శీను:
@గోదారి గట్టు ఎక్కడ చెప్పాడన్నదానికి ఉద్యోగం తీసేయడం టూమచ్. అదే మనిషి 1997లో అఫ్గాన్ కొండల్లోకెళ్లి బిన్ లాడెన్‌ని ఇంటర్వ్యూ చేస్తే చప్పట్లు కొట్టారుగా.

గోదారి గట్టు:
ఇంటర్వ్యూ తీసుకోవడం వేరు, ఇవ్వడం వేరు శీనుగారూ.

కృష్ణలంక కుర్రోడు:
అందరికీ థ్యాంక్స్. బాబాయ్‌కి చూపించా. "పీకింది ఒక్కసారే" అని నేను, "పీకారా లేదా" అని ఆయన, ఇంకా నడుస్తోంది. అన్నట్టు నాకు ఈత రాదు, ఈ లైన్‌కి పనికొస్తానా?

పాత రేడియో:
కృష్ణ ఒడ్డున పుట్టి ఈత రాదా!