సమస్యాపూరణం: పనులు చెప్పిన తల్లియే పగతురాలు

సంచాలకులు: తిన్న కంచం తీయమన్నా, విడిచిన బట్టలు బుట్టలో వేయమన్నా అమ్మపై అలిగే పిల్లలను చూసి ఈ పాదం తట్టింది. దీన్ని పద్యానికి చివరి పాదంగా నిలిపి, పై మూడు పాదాలు మీరు కూర్చండి. నిందను తొలగించినా సమర్థించినా సమ్మతమే. పిల్లలకు బాధ్యత అలవడడమనే విషయాన్ని మాత్రం విడువకండి.

రాజమహేంద్రవరం సభ్యులు:

చిన్ననాటనె చీపురు చేతికిచ్చి
కంచ మెత్తించి గిన్నెలు కడుగజేసి
కొడుకు సోమరితనమునకు నెపుడైన
పనులు చెప్పిన తల్లియే పగతురాలు

సంచాలకులు: చక్కని పూరణ. తల్లి పగ బిడ్డపై కాదు, వాడి సోమరితనంపై అన్న విరుపుతో నింద కాస్తా స్తుతి అయింది. అభినందనలు.

తెనాలి సభ్యురాలు: విరుపు బాగుంది కానీ, ‘నెపుడైన’ కేవలం గణపూరణకే, అంటే పాదంలో ఛందస్సు లెక్క నింపడానికే వచ్చింది. అయినా పోయిన సంక్రాంతి సమస్యలో కల్లాపి, ముగ్గు, గొబ్బెమ్మలు అన్నీ కూతురికి అప్పగించి, కొడుకు చేతికి గాలిపటం ఇచ్చిన మీరు ఈసారి అతని చేతికి చీపురు ఇచ్చినందుకు నిజంగా సంతోషించాను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్లు, ఆపై వయసు వారిలో ఇంటిపని చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్లు తేలింది. ఈ తేడాకు పునాది పడేది వంటింట్లోనే. నా పూరణ:

కొడుకు మంచాన ఫోనుతో కులుకుచుండ
కూతు రంట్లతో నొక్కతే కుస్తిపట్ట
వాని నొకమాట యనలేక పాపకెల్ల
పనులు చెప్పిన తల్లియే పగతురాలు

రాజమహేంద్రవరం సభ్యులు: ‘ఎల్ల’ను మూడవ పాదం చివర నిలిపి సమస్యలోని ‘పనుల’తో కలిపిన నేర్పును మెచ్చుకోక తప్పదు. అయితే అదే పాదంలో ‘వాని’, ‘పాప’ల మధ్య వా–పా యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరమైత్రి) పంటికింద రాయిలా తగిలింది. నా సంక్రాంతి పద్యం పండుగ వర్ణనే తప్ప పనుల పంపకం కాదని అప్పుడే మనవి చేశాను.

సంచాలకులు: ప, ఫ, బ, భలకు వకారంతో యతి చెల్లుతుంది. దోషం లేదు. సంక్రాంతి పద్యం విషయంలో మాత్రం తెనాలి సోదరి మాటే నాకు సబబుగా తోచింది, ఎందుకంటే వర్ణనలో ఎవరి చేత ఏ పని చేయించామో దాన్నే పిల్లలు రివాజుగా నేర్చుకుంటారు.

డాలస్ సభ్యులు: ఇక్కడ చాలా ఇళ్లలో పనికింత అని పిల్లలకు డబ్బు ఇస్తారు. అది నాకు నచ్చదు.

పక్క సర్దిన నీకిత్తు పది యటంచు
తోట తడిపిన నిరువది దొరకు ననుచు
బేర మాడుచు ప్రతిదినమ్ము బిడ్డలకును
పనులు చెప్పిన తల్లియే పగతురాలు

రాజమహేంద్రవరం సభ్యులు: ‘ప్రతిదినమ్ము’లో ఒక లఘువు (పొట్టి అక్షరం) ఎక్కువైంది. ‘నిత్యమ్ము’ అంటే సరిపోతుంది. భావం మాత్రం అమూల్యం.

తెనాలి సభ్యురాలు: ఈ ఒక్క విషయంలో ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను. డబ్బు లెక్క నేర్పాలంటే పాకెట్ మనీ విడిగా ఇవ్వవచ్చు. తాను పడుకున్న పక్క తానే సర్దుకోవడానికి కూలి కడితే, రూపాయి ఆగిన నాడు పని కూడా ఆగుతుంది. ఆ పని తనదేనన్న భావన బిడ్డకు కలగనే కలగదు.

సంచాలకులు: సవరణతో పూరణ నిర్దోషం. రేపు సాయంత్రం వరకు పూరణలు పంపవచ్చు. అబ్బాయి చేత వంట చేయించిన పద్యం ఇంకా ఒక్కటీ రాలేదు.