ఎండాకాలం చెరువు శిఖంలోకి (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలోకి) దిగి పిట్టల ఫొటోలు తీయొచ్చా?

తూము దగ్గర:
మార్చి దాటితే వలస బాతులు వెళ్లిపోతాయి, వాటికోసం వచ్చే జనమూ తగ్గిపోతారు. నాకు మాత్రం హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు ఏప్రిల్, మే నెలల్లోనే ఇష్టం. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు అది. నీళ్లు లోపలికి జరిగాక, చలికాలంలో చుక్కలా కనిపించే తీతువు పిట్ట ఇరవై అడుగుల్లో దొరుకుతుంది. పోయిన ఆదివారం గుడ్ల మీద కూర్చున్న తీతువు ఫొటో, చోటుతో సహా పెడితే నలుగురు తిట్టారు. చప్పుడు చేయలేదు, ఫ్లాష్ వాడలేదు, పావుగంటలో వచ్చేశాను. ఇందులో తప్పేంటి?

కట్టమీద:
తమ్ముడూ, ఆ పావుగంటే తప్పు. చలికాలంలో బాతు బెదిరితే అవతలి ఒడ్డున వాలుతుంది. గుడ్లున్న తీతువు ఎక్కడికి పోతుంది? అది గూడు కట్టదు, రాళ్ల మధ్య చిన్న గుంటలో నాలుగు గుడ్లు పెడుతుంది. మే నెల ఎండలో అది కూర్చునేది వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. మనం అక్కడున్నంతసేపూ అది తల మీద తిరుగుతూ అరుస్తుంటే, కింద గుడ్లు ఎండకు మాడుతుంటాయి.

నాలుగేళ్ల కింద నేనూ ఇలాగే తీశాను. మర్నాడు వెళ్తే పెంకులే ఉన్నాయి. కాకి తిన్నదో, కుక్క తిన్నదో తెలియదు. దారి చూపింది మాత్రం నేనేనని ఈ రోజుకీ అనిపిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించి ఇబ్బంది పెట్టడం 'వేట' కిందికే వస్తుంది.

నల్లమట్టి:
మాది సిద్దిపేట దగ్గర పల్లె. ఎండాకాలం వస్తే శిఖంలో పూడిక తీస్తారు. 2015లో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు ట్రాక్టర్లు వరుస కట్టాయి. పొలానికి ఆ మట్టి బంగారం, దాన్ని తప్పు పట్టను. గొర్లు, బర్లు కూడా అక్కడే తిరుగుతాయి. ఇన్నిటి మధ్య ఒక్క కెమెరా మీదే ఇంత కోపమా అన్నా? నేను గుడ్ల ఫొటో చూపిస్తేనే ఒక ట్రాక్టర్ అన్న ఆ మూల వదిలేశాడు. పిట్ట పిల్లలు నడిచి వెళ్లడం కళ్లారా చూశాను.

కట్టమీద:
మీ ఫొటోకు దండం పెడతాను. అది ఆ గుడ్ల కోసం తీసింది. నా గొడవ చోటు చెప్పి పెట్టే ఫొటోలతో. ఒకరు పెడితే ఆదివారానికి పదిమంది దిగుతారు, అందరూ పావుగంటే అంటారు. ట్రాక్టర్ అన్నకు గుడ్లు కనబడవు. మనకు కనబడతాయి కదా.

తూము దగ్గర:
చోటు వివరాలు తీసేశాను. ఇకమీదట శిఖంలోకి దిగను. కట్ట మీది నుంచి బుడుబుంగ (నీళ్లలో మునిగే చిన్న పిట్ట) గూడు ఫొటో తీయొచ్చా? తుంగలో తేలుతోంది, దగ్గరగానే ఉంది.

కట్టమీద:
పొద్దున ఎనిమిదిలోపు, కూర్చుని తీయండి. అది గడ్డీగాదం లాగి గుడ్ల మీద కప్పి నీళ్లలోకి దిగిందంటే, మిమ్మల్ని చూసి భయపడిందని అర్థం. వెంటనే వెనక్కి వచ్చేయండి.