టీనేజ్ కథల పోటీ: అక్షర దోషాలకు మార్కులు కోయాలా?

కథలడబ్బా:
13–18 ఏళ్ల పిల్లల కథల పోటీకి ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. పేర్లు తీసేసి నంబర్లతో ఇచ్చారు కాబట్టి ఏ కథ ఎవరిదో తెలియదు. చివరికి రెండు మిగిలాయి. మొదటిది నున్నగా ఉంది, చివర్లో మెలిక, వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. రెండోదాంట్లో ణ-న, ళ-ల తారుమారు, ఒత్తులు గల్లంతు. కానీ ఒక సీనుంది. తాత పోయిన రోజు ఇల్లంతా ఏడుస్తుంటే, ఆయన ఫోన్‌కి రీఛార్జ్ గడువు ముగుస్తోందని మెసేజ్ వస్తుంది. మనవరాలు దాచుకున్న డబ్బుతో రీఛార్జ్ చేసేస్తుంది. ఎందుకో చెప్పదు.

మొదటి కథకి 8, 8, 8. రెండోదానికి 10, 9, 4. ఒక్క మార్కుతో నున్నటి కథ గెలుస్తోంది. ఫలితం ఇంకా ప్రకటించలేదు. నాకైతే మింగుడు పడటం లేదు.

మార్జిన్‌నోట్:
ఎందుకు పడదండీ? మొదటి కథ నాలుగుసార్లు తిరగరాస్తేగానీ అంత నున్నగా రాదు. ఆ కష్టం కష్టం కాదా? పిల్లలు కదా అని ఇవాళ మీరు వదిలేస్తే రేపు ఏ ఎడిటరూ వదలడు.

లెక్కలపిచ్చి:
ముగ్గురిలో ఇద్దరికి రెండో కథే ఎక్కువ నచ్చింది, గమనించారా? కూడేసరికి 24కి 23 అయింది. అంటే ఒక్కరి 4 ఇద్దరి మాటనీ తోసేసింది. ఇలా కూడితే ఎవరికీ అభ్యంతరం లేని కథే పైకి తేలుతుంది. ర్యాంకులు అడిగుంటే ఫలితం తిరగబడేది. ఇంతకీ భాషకి ఎన్ని మార్కులు?

కథలడబ్బా:
పదిలో రెండు.

లెక్కలపిచ్చి:
మరి రెండు మార్కుల తప్పుకి ఆరెలా పోయాయి?

ఎర్రసిరా:
ఆ 4 వేసింది నేనే. ఒత్తుల కోసం కాదు. ఆ పేరాలో తల్లీ కూతురూ ఇద్దరూ ‘తను’నే. రీఛార్జ్ చేసింది ఎవరో రెండుసార్లు చదివినా నాకు తేలలేదు. అది కథలోనే లోపం. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి, ఆ రాత్రి నేను చదివిన వాటిలో అది నలభయ్యో కథ. అప్పటికి పెన్ను దానంతటదే గీస్తోంది. ఇక మొదటి కథలో ఎవరో పెద్దవాళ్ల చెయ్యి పడిందని నా అనుమానం.

పాతపాఠకురాలు:
అనుమానానికి మార్కులు కోయకండి. ఇంగ్లిష్ రచయిత్రి మేరీ షెల్లీ 1816లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల మొదలుపెట్టేనాటికి ఆమెకి 18 ఏళ్లే. నమ్మకం కుదరకపోతే చిత్తుప్రతి పంపమనండి. అమెరికాలో 1923 నుంచి నడుస్తున్న టీనేజ్ పిల్లల పోటీ, స్కొలాస్టిక్ ఆర్ట్ అండ్ రైటింగ్ అవార్డ్స్‌లో చూసేవి మూడే: కొత్తదనం, నేర్పు, సొంత గొంతు. మొదటి కథలో మూడోది ఉందా, చెప్పండి.

కథలడబ్బా:
అదే నా బాధ. అయితే ర్యాంకులతో మళ్లీ చూద్దాం.

మార్జిన్‌నోట్:
అంటే మీకు నచ్చిన కథ గెలిచేదాకా నిబంధన మారుస్తారన్నమాట!

కథలడబ్బా:
నిజమే, తప్పు నాదే. ర్యాంకులు వచ్చేసారికి. ఇప్పుడు మార్కులే ఉంటాయి. ముగ్గురం ఆ రెండు కథలూ ఇంకోసారి చదువుదాం. అప్పుడూ మొదటిదే గెలిస్తే మాట్లాడకుండా సంతకం పెడతా.

ఎర్రసిరా:
సరే. ఈసారి పొద్దున్నే, పెన్ను పక్కన పెట్టి చదువుతా. కానీ 4 మారుతుందని మాటివ్వను.