సమస్యాపూరణం: ‘మన్ను మన్నె గాని మట్టి గాదు’

ఇచ్చిన ఈ పాదాన్ని చివర నిలిపి పద్యం పూరించాలి. ఇది ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, అయిదూ గలాలే (గురువు, లఘువు). యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన మైత్రి) మ–మ. నిఘంటువులో రెండు మాటలకూ అర్థం ఒకటే. మరి కాదనడం ఎలాగన్నదే చిక్కు.

మొదటి పూరణ

తెలుఁగునందు గలవు దేశ్యమ్ము తద్భవ
మనెడి రెండు తెగలు మాటలందు
మృత్తికకును బిడ్డ మిన్నక మట్టియే
మన్ను మన్నె గాని మట్టి గాదు

సమీక్ష: ఆర్యా, పట్టు దొరికింది. దేశ్యం తెలుగు సొంతమాట, తద్భవం సంస్కృత ప్రాకృతాల నుంచి మారి వచ్చిన మాట. సంస్కృత ‘మృత్తిక’ ప్రాకృతంలో ‘మట్టిఆ’ అయింది. ఋకారం అకారమవుతూ పక్కనున్న తకారాలను టకారాలు చేసింది. మన ‘మట్టి’ అక్కడిది. ‘మన్ను’ పుట్టిల్లు వేరు. తమిళంలో మణ్, కన్నడంలో మణ్ణు. వాళ్ల ‘ణ్ణ’ మనకు ‘న్న’ అవుతుంది. వాళ్లకు కణ్ణు, మనకు కన్ను.

మూడో పాదంలో మృ–మి ఋత్వసంబంధ యతి, చెల్లుతుంది. కానీ ‘మిన్నక’ అంటే ఊరక అని. యతి కోసం వచ్చి కూర్చుందే తప్ప అర్థానికి పనికిరాలేదు. ‘బిడ్డ’ కంటే శాస్త్రపదం ‘వికృతి’ (మారిన రూపం) నయం:

మృత్తికకును వికృతి మేదినిన్ మట్టియే

రెండవ పూరణ

చీర యెన్ని యేండ్లు చిరుగక నిలుచునో
చెప్పు ధాతు వొకటి చెంతఁ గలదు
మన్నికయును దాని మఱియొక్క రూపమే
మన్ను మన్నె గాని మట్టి గాదు

సమీక్ష: నామవాచకాన్ని వదిలి ‘మన్ను’ (చాలాకాలం నిలుచు) అనే క్రియను పట్టుకున్నారు, భేష్! ‘ఈ చీర బాగా మన్నింది’ అనే ఇంటిమాటే ఇక్కడ సమస్యను విప్పింది. దిద్దవలసిందేమీ లేదు.

మూడవ పూరణ

కన్ను కంటి యగును, మిన్ను మింటిగ మారు
మన్ను మంటి యగును మాటలోన
మట్టి మాఱదెందు ఎట్టి విభక్తికి
మన్ను మన్నె గాని మట్టి గాదు

సమీక్ష: అమ్మా, ఊహలో ఇదే మిన్న. ఔపవిభక్తికాన్నే (విభక్తికి ముందు మాట చివర వచ్చే ‘టి’ వంటి మార్పునే) సాక్ష్యంగా నిలబెట్టారు. ‘మింటికీ మంటికీ ఏకధారగా వాన’ అంటాం. ‘మట్టి’ మాత్రం మట్టిలో, మట్టికి అంటూ చెక్కుచెదరదు. మొదటి పాదంలో కన్ను–మిన్ను ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి), గణాలు ‘మిన్నుమిం’ రగణం, ‘టిగ మారు’ సలం. సరిపోయాయి.

దోషం మూడో పాదంలో ఉంది. ‘ఎందు’ పక్కన ‘ఎట్టి’ వస్తే ఉత్వసంధి జరిగి ‘ఎందెట్టి’ కావాలి. సంధి చేస్తే గణం చెడుతుంది, మానితే విసంధి (సంధి చేయని దోషం). కాబట్టి అచ్చును తప్పించాలి:

మట్టి మాఱదెందు మట్టిగానే యుండు

ఇది మ–మ అక్షరయతి, గణాలు రగణం, తగణం.

ప్రశ్న: ‘మంటి’ని ‘మంట’ అనుకునే ప్రమాదం లేదా?

జవాబు: లేదు. నిప్పు ‘మంట’కు ఔపవిభక్తికం రాదు. మంటలో పడితే కాలుతుంది, మంటిలో పడితే మొలుస్తుంది.

జాతీయాల దారి ఇంకా ఎవరూ తొక్కలేదు. ‘మన్ను తిన్న పాము’ అంటారు, ‘మట్టి తిన్న పాము’ అనరు. ‘మట్టి కరిచాడు’ అన్నచోట మన్ను రాదు. పూరించేవారు అటు చూడండి.