హైదరాబాద్‌లో బాచుపల్లి–నిజాంపేట వైపు ఎలాంటి కుటుంబాలు ఉన్నాయో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న (కొత్త_దుకాణం): ఇక్కడ కూరగాయలు, ఇడ్లీ–దోశ పిండి, పాలు ఇంటికి చేర్చే కొట్టు పెట్టాలని ఉంది. ఇంటికి ఎందరు, ఎంత ఖర్చు పెడతారు అన్నది ముందు తేల్చుకోవాలి. 2011 జనగణన పట్టికలు దొరికాయి. ఇప్పటికీ పనికొస్తాయా? ఆదాయం అడిగితే ఎవరూ చెప్పడం లేదు.

గణాంకాల_గంప: పాత చిత్రం కోసం చూడండి, అంతే. అప్పటికి నిజాంపేట పంచాయతీ. కార్పొరేషన్ అయింది 2019లో. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కూడా అప్పటికి లేదు, ఆ పట్టికల్లో ఆ పేరుతో వెతికితే దొరకదు, రంగారెడ్డి జిల్లా కింద చూడాలి.

ఖర్చుకు కేంద్రం చేసే గృహ వినియోగ సర్వే ఉంది. 2023–24లో తెలంగాణ పట్టణాల్లో తలసరి నెల ఖర్చు సగటున రూ.8,978. నలుగురుంటే దాదాపు 36 వేలు. అయితే అది రాష్ట్రంలోని పట్టణాలన్నిటి సగటు, మీ కాలనీది కాదు. పైగా ఇంటి లోను ఈఎంఐ ఆ లెక్కలోకి రాదు. సొంత ఫ్లాట్ల వాళ్లలో కూరగాయలకు చెయ్యి బిగపట్టించేది అదే కదా!

ఫీల్డ్_పని: ఆదాయం అడక్కండి. ఇంట్లో ఎక్కువ సంపాదించేవారి పని, బాగా చదువుకున్న మగవారి చదువు, ఆడవారి చదువు, ఈ మూడూ అడగండి, వాటిని బట్టి ఇంటి స్థాయి అంచనా కట్టొచ్చు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లెక్కపెట్టి ఇళ్లను తరగతులుగా విడదీసే పాత పద్ధతి అపార్టుమెంట్లలో పనిచేయదు. అందరికీ ఉంటాయి, అందరూ పైదైన ‘ఏ’ తరగతిలోనే పడతారు.

95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూ తేడా సరిపోతుందనుకుంటే 384 ఇళ్లు చాలు. కానీ నాలుగైదు అపార్టుమెంట్లలోనే తిరిగితే ఒకే రకం కుటుంబాలు తగులుతాయి కాబట్టి 600 దాకా వెళ్లండి. ప్రతి ఎనిమిదో తలుపు తట్టండి. తాళం ఉందని పక్కింటికి వెళ్లారో, సర్వే చెడినట్టే: భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు జారిపోతాయి, పిండి ప్యాకెట్ కొనేది వాళ్లే. సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి మళ్లీ వెళ్లాలి.

గణాంకాల_గంప: ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం. పీజీ హాస్టళ్లను విడిగా రాయండి, కలిపితే ఇంటికి సగటు మనుషుల లెక్క పాడవుతుంది.

ఫీల్డ్_పని: ఇంకోటి, వాచ్‌మన్‌తో మాట్లాడండి. ఎన్ని ఫ్లాట్లు ఖాళీ, ఎన్నింట్లో అద్దెవాళ్లు, పొద్దున ఎన్ని పాల ప్యాకెట్లు వస్తాయి, అన్నీ ఆయనకు తెలుసు. అసోసియేషన్ అనుమతి మాత్రం ముందే తీసుకోండి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.