"మెదడు నమూనా" అంటే మీకేం గుర్తొస్తుంది?

ఒక అనువాదంలో ఈ మాట దగ్గర రెండ్రోజుల్నించి ఆగిపోయానండి. కంప్యూటర్లో మనిషి మెదడుకి మోడల్ కట్టడం గురించిన వ్యాసం అది. మోడల్‌కి నమూనా అని రాసేశా, మళ్లీ చదివితే రక్త నమూనా, మట్టి నమూనా లాగా మెదడులోంచి ముక్క కోసి ల్యాబ్‌కి పంపినట్టుంది. పోనీ అనుకరణ అందామంటే మిమిక్రీ గుర్తొస్తోంది. అసలు వాళ్లు చేసేదేంటంటే, 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలిద్దరూ స్క్విడ్ అనే సముద్రజీవి నాడిపోగులో సోడియం, పొటాషియం అయాన్లు లోపలికీ బయటికీ పోయే తీరుని సమీకరణాల్లో పెట్టారు, అలాంటి లెక్కల్నే వేల న్యూరాన్లకి (నాడీకణాలకి) ఒకేసారి, క్షణాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుంటూ కట్టుకుపోతారు. దీనికి ఒక్క మాట చెప్పండి.

జవాబు: ఒక్క మాటలో ఇరికించకండి, ఇక్కడున్నవి రెండు పనులు. సమీకరణాలు రాసిపెట్టుకుంటే అది నమూనా, దాన్ని నడిపించి చూస్తే అనుకరణ. మిమిక్రీ అని వెనకాడక్కర్లేదు, గలగల, జలజల లాంటివాటిని ధ్వన్యనుకరణాలనే కదా అంటాం. జలజల అన్న మాటలో నీళ్లుండవు, నీళ్ల సడి మాత్రం ఉంటుంది. కంప్యూటర్లో నడిచే న్యూరాన్‌లోనూ అయాన్లుండవు, వోల్టేజి ఎలా లేచి ఎలా పడుతుందో ఆ అంకెలుంటాయి. నాకు ఇంతకంటే అతికే మాట కనపళ్లేదు.

జవాబు: ప్రతిరూపం అంటే? వినడానికి బావుంది కదా.

జవాబు: వద్దండీ దయచేసి. ప్రతిరూపం అంటే అచ్చం అదేనని ఒప్పేసుకున్నట్టు. మెదడుని కంప్యూటర్లో నడిపించి చూసే బ్లూ బ్రెయిన్ ప్రాజెక్టు వాళ్లు 2015లో ప్రచురించింది ఎలుక మెదడు పైపొరలో చిన్న ముక్కకి అనుకరణ, సుమారు 31,000 న్యూరాన్లు, 3.7 కోట్ల సినాప్సులు (ఒక న్యూరాన్ నుంచి ఇంకోదానికి సంకేతం దాటే చోట్లు). మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లున్నాయి! పేపర్లో ప్రతిరూపం అని పడితే చదివినవాళ్లు మెదడు తయారైపోయిందనుకుంటారు, ఒక్క మాట వల్ల అంత తప్పు జనంలోకి పోతుంది, నాకు నిజంగా బాధగా ఉంటుంది అలాంటివి చూస్తే.

మళ్లీ నేనే: ఒప్పుకుంటున్నానండి, ధ్వన్యనుకరణం పోలిక చాలా నచ్చింది. మొదటిసారి వచ్చినచోట "గణిత నమూనా" అని రాస్తా, రక్త నమూనా గొడవ ఉండదు. కానీ ఇంకో చిక్కుంది, సినాప్స్‌కి నాడీసంధి అని పెట్టా. మన సంధిలో రెండక్షరాలు కలిసిపోతాయి, మెదడులో ఎక్కువ సినాప్సుల దగ్గర రెండు న్యూరాన్లు అసలు తాకవు, మధ్యలో సుమారు 20 నానోమీటర్ల ఎడం. సంధి అనొచ్చా మరి?