రొమ్ము క్యాన్సర్: అమెరికాలో నల్లజాతి మహిళలే ఎందుకు ఎక్కువగా చనిపోతున్నారు?

శబరి తీరం (న్యూజెర్సీ)
ఆఫీసులో పదకొండేళ్లు నా పక్క సీట్లో కూర్చున్న నల్లజాతి స్నేహితురాలు పోయి నెల కావస్తోంది. వయసు 46. గడ్డ చేతికి తగిలిన రోజే నాకు చెప్పింది. బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) అయ్యేసరికి తొమ్మిది వారాలు పట్టింది. నిరుడు మా అంతస్తులోనే ఒక తెల్లావిడకు రెండు వారాల్లో అన్నీ అయిపోయాయి. ఇద్దరిదీ ఒకే ఇన్సూరెన్స్. అంత్యక్రియలప్పుడు ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో ఇది మూడో చావు" అంది. అంతటా ఇంతేనా? ఆసుపత్రుల్లో పనిచేసేవారు ఎవరైనా చెప్పండి.

కంకర రోడ్డు
జన్యువులేనండి. ట్రిపుల్ నెగటివ్ అనే రకం క్యాన్సర్ నల్లజాతి మహిళల్లో దాదాపు రెండింతలు ఎక్కువ. దానిమీద హార్మోన్ మాత్రలూ పనిచేయవు, హెర్సెప్టిన్ అనే మందూ పనిచేయదు. ఎవరేం చేయగలరు?

రాత్రి డ్యూటీ (నర్సు, చికాగో)
మీరన్నది సగం నిజం. తెల్లవారితో పోలిస్తే వారికి ఈ జబ్బు కాస్త తక్కువగానే వస్తుంది. మరణాల రేటు మాత్రం 40 శాతం దాకా ఎక్కువ. మాత్రలకు లొంగే రకంలోనూ ఈ తేడా ఉంది.

మా ఊరి సంగతే చూడండి. 1980లో చికాగోలో నల్లవారి మరణాల రేటు, తెల్లవారిది దాదాపు సమానం. తర్వాత మామోగ్రామ్‌లు (రొమ్ము ఎక్స్‌రేలు), కొత్త మందులు వచ్చాయి. తెల్లవారిలో చావులు తగ్గాయి, వీరిలో తగ్గలేదు. 2003 నాటికి వీరి రేటు 68 శాతం ఎక్కువ. ఇరవై మూడేళ్లలో ఒక ఊరి జనం జన్యువులు మారిపోతాయా?

శరీరంలోని తేడాను ఆసుపత్రి పట్టించుకోకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఆఫ్రికా మూలాలున్న చాలామందికి ఎర్ర రక్తకణాల మీద డఫీ అనే ప్రొటీన్ ఉండదు. ఒక రకం మలేరియా నుంచి కాపాడే లక్షణమది. అలాంటివారికి రక్తంలో న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) పుట్టుకతోనే తక్కువ. అది జబ్బు కాదు. కానీ చాలాచోట్ల ఆ కణాల లెక్క 1500 లేకపోతే కీమో ఎక్కించరు. ఒకావిడకు 1300 వచ్చిందని మూడుసార్లు వెనక్కి పంపారు. ఆమె రెండు బస్సులు మారి, ఆ రోజు కూలి వదులుకుని వచ్చేది. మూడోసారి కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "నా రక్తం ఎప్పుడూ ఇంతే కదమ్మా" అంది. ఆ మాట ఫైల్లో ఎవరూ రాయలేదు, నేను కూడా.

అరుగు మీద
మనవాళ్లకు ఈ బాధ తక్కువే కదా?

శబరి తీరం
ఆసియన్లందరినీ ఒక గంపలో వేసి లెక్కిస్తే తక్కువే. నేను అడిగింది మన గురించి కాదండి.

పాత కాగితాలు (ప్రజారోగ్యం చదువుతున్నాను)
న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రి ఉదంతం మా తరగతిలో చెప్పారు. 1964 నుంచి 1986 దాకా అక్కడ వైద్యం పొందిన 606 మందిలో అయిదేళ్లు బతికినవారు 39 శాతం. దాదాపు అందరూ పేద నల్లజాతి మహిళలు, సగం మందికి ఇన్సూరెన్స్ లేదు. మొదటి దశలో వచ్చినవారు 6 శాతమే. అక్కడి సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ ఉచిత పరీక్షలు పెట్టించారు. 1990లో రోగికి తోడుగా ఒక మనిషిని పెట్టే పద్ధతి మొదలుపెట్టారు. ఆ మనిషి పని మందులివ్వడం కాదు. అపాయింట్‌మెంట్ ఇప్పించడం, కాగితాలు నింపడం, రాకపోతే ఫోను చేయడం. తర్వాతి రోగుల్లో అయిదేళ్లు బతికినవారు 70 శాతం. ఆసుపత్రి అదే, పేట అదే.

కంకర రోడ్డు
ఇది నాకు తెలియదు. జన్యువులేనని తొందరపడి అన్నాను.

శబరి తీరం
నర్సు గారూ, ఆ చెల్లెలికి 38. మామోగ్రామ్ నలభై నిండాక చూద్దామన్నారట.

రాత్రి డ్యూటీ
నలభై నుంచి రెండేళ్లకోసారి అన్న 2024 నాటి సిఫారసు మామూలు ముప్పు ఉన్నవారికి. ఇంట్లో మూడు చావులుంటే ఆ లెక్క చూసుకుని ఆగకూడదు. జన్యు పరీక్ష గురించి ఇప్పుడే అడగమనండి. మామోగ్రామ్‌లో ఏదైనా తేలితే, బయాప్సీ తేదీ చేతికి ఇచ్చేదాకా అక్కడినుంచి కదలవద్దనండి.

శబరి తీరం
మంగళవారం ఉదయం 8:40కి ఆమెకు అపాయింట్‌మెంట్ దొరికింది. సెలవు పెట్టాను, నా కారులోనే తీసుకెళ్తున్నాను.

రాత్రి డ్యూటీ
ఒక నోటుబుక్కు దగ్గర ఉంచుకోండి. ఎవరు ఏ తేదీ చెప్పినా ఆమె ఎదుటే రాయండి.